ముసలి టర్కీ పుంజు మూడు పొద్దులు ఆడించింది, ఈసారి ఏం చేయాలి?

నర్సంపేట పోరడు:

అన్నలకు నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, ఉద్యోగం అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం. ఉగాదికని హనుమకొండలో అక్క వాళ్ళింటికి వచ్చాను. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఏప్రిల్ మూడో వారంలో అక్కడ అడవి టర్కీ కోళ్ల వేట సీజన్ మొదలవుతుంది. అందుకే ఈ పోస్టు.

మా ఆఫీసులో ఒక పెద్దాయనకు ఊరి బయట పొలమూ దానికి ఆనుకుని అడవీ ఉన్నాయి. పోయినేడు నన్నూ వెంట తీసుకుపోయాడు. అక్కడ ఒక ముసలి పుంజు ఉంది. ఛాతీ మీద గడ్డంలా వేలాడే ఈకల కుచ్చు చూస్తేనే తెలుస్తుంది దాని వయసు. తెల్లారకముందే ఓక్ చెట్టు మీద నుంచి గళగళమని అరుస్తుంది. మేం చెక్క డబ్బా గీరి పెట్టలా కూస్తే బదులిస్తుంది. చెట్టు దిగి మా వైపే వస్తుంది కూడా. సరిగ్గా 70 గజాల దగ్గర ఆగిపోతుంది. నెమలిలా పురి విప్పుకుని అక్కడే అరగంట పచార్లు చేస్తుంది. ఎంత కూసినా ఇంకో అడుగు పడదు. చివరికి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. మూడు రోజులూ ఇదే. మూడో రోజు నా కాలు తిమ్మిరెక్కి కాస్త జరిపాను, అంతే, మళ్ళీ కనపడితే ఒట్టు.

ఎక్కువ కూయాలా, తక్కువ కూయాలా? బొమ్మ పెట్టను పెట్టమంటారా? అనుభవం ఉన్నవాళ్ళు జర చెప్పండి.

కాజీపేట జంక్షన్:

ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు లైన్లో నిలబడటానికే మాకు బద్ధకం, నువ్వు కోడి కోసం సముద్రాలు దాటావు. సరే, జోక్ పక్కన పెట్టు. హెచ్‌1బీ మీద ఉన్నోళ్ళు అక్కడ తుపాకి పట్టుకోవచ్చా? అసలే వీసాల టెన్షన్, లేనిపోనిది తలకెత్తుకుంటున్నావేమో చూసుకో.

ములుగు రోడ్డు కాక:

మంచి ప్రశ్న అడిగినవ్ కాజీపేటా, ముందు దాని సంగతే చెప్తా. తాత్కాలిక వీసా మీద ఉన్నోళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. ఆ లైసెన్సు కావాలంటే మిస్సోరిలో 1967లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళు సాధారణంగా వేట శిక్షణ పాసైన సర్టిఫికెట్ చూపాలి. తమ్మీ, లైసెన్సు గడువు చూసుకో. అది ముగిసిన రోజు నుంచి పెద్దాయన తుపాకి నీ చేతికిచ్చినా పట్టుకోకు.

ఇక నీ పుంజు. నేను 11 ఏళ్ళు మిస్సోరిలో, ఓజార్క్ గుట్టల దగ్గర ఉండి ఇక్కడికి వచ్చేశా. ఇలాంటి ఒక్క పుంజు వెనక మూడు సీజన్లు తిరిగినోణ్ణి. దానికి పటేల్ అని పేరు పెట్టుకున్నా. మా చిన్నప్పుడు ఊళ్ళో పటేల్ ఎవరింటికీ పోయేవాడు కాదు, పనున్నోళ్ళే ఆయన గడప దగ్గరికి పోవాలి. టర్కీ పుంజుదీ అదే పద్ధతి. అది చెట్టు మీద కూర్చుని అరుస్తుంది, ఆ అరుపు విని పెట్టలే దాని దగ్గరికి నడిచి వస్తాయి. నువ్వేమో పెట్ట గొంతుతో పిలిచి, పుంజునే నడిచి రమ్మంటున్నావు. రెండేళ్ళ కుర్ర పుంజైతే ఆశకొద్దీ ఉరికొస్తుంది. ముసలిది సగం దూరం వచ్చి ఆగుతుంది, మిగతా సగం పెట్ట రావాలని. పైగా 70 గజాల నుంచి నువ్వు కూర్చున్న చోటంతా దానికి కనపడుతోంది. గొంతు వినపడుతోంది, పెట్ట మాత్రం లేదు. అది ఎందుకొస్తుంది?

అందుకే ముందు చోటు మార్చు. గట్టు వెనకో, చిన్న దిబ్బ అవతలో కూర్చో. అది దిబ్బెక్కి తొంగి చూసేసరికి నీకు 30 గజాల్లో ఉండాలి. షాట్‌గన్‌తో 40 గజాలు దాటితే నేను కొట్టను. కొట్టేది తల, మెడ మీదే, ఒంటి మీద కాదు. నీకూ దానికీ మధ్య వాగు గానీ కంచె గానీ లేకుండా చూసుకో. ఎగరగలిగిన పక్షి, అయినా నా పటేల్ ఒక ముళ్ళకంచె ముందు 20 నిమిషాలు నిలబడి వెనక్కి పోయాడు. ఆ కంచె సంగతి నాకు ముందే తెలుసు, అయినా అక్కడే కూర్చున్నా. నా తప్పే.

మునిమాపున పోయి గుడ్లగూబలా కూసి చూడు. ఉలిక్కిపడి బదులిస్తుంది, ఏ చెట్టెక్కిందో తెలిసిపోతుంది. తెల్లారి చీకట్లోనే పోయి, కనీసం 100 గజాల దూరంలో, దానితో సమాన ఎత్తులోనో కాస్త పైనో కూర్చో. పల్లంలో కూర్చుని పైనున్నదాన్ని దిగి రమ్మంటే నాకెప్పుడూ పని కాలేదు.

కూత గురించి అడిగినవ్. అది ఒకసారి బదులిచ్చిందంటే నువ్వెక్కడున్నావో దానికి అంగుళాలతో సహా తెలుసు. డబ్బా కింద పెట్టెయ్. చేత్తో ఎండుటాకులు గీరు, పెట్ట మేత వెతుక్కుంటున్నట్టు. ఒకటి గీరి ఆగు, వెంటనే రెండు, మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. నాకైతే డబ్బా కంటే ఆకులే ఎక్కువ పని చేశాయి.

అన్నిటికంటే కష్టం కూర్చోవడం. రెండో సీజన్లో ఎనిమిదిన్నరకు అరుపులు ఆగిపోయాయి, ఇక లాభం లేదని కాఫీకి లేచా. నా వెనక 20 అడుగుల్లోంచి దడదడమని లేచి ఎగిరిపోయాడు పటేల్! నోరు మెదపకుండా వచ్చి ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఏమో. పొద్దున పూట పెట్టలు చుట్టూ ఉంటాయి, వాటిని వదిలి రాడు. తొమ్మిది దాటాక ఒక్కొక్కటే గూటికి, గుడ్లు పెట్టడానికి పోతాయి. అప్పుడు ఒంటరివాడవుతాడు, పొద్దున విన్న గొంతు గుర్తొస్తుంది. మూడో ఏడు పదిన్నరకు వచ్చాడు, అరవకుండానే. ముందు చెవికి కాదు, గుండెకు తెలిసింది, దూరంగా డప్పు మీద వేలు ఆనించినట్టు గుమ్మని ఒక చప్పుడు, పురి విప్పిన పుంజు చేసేది. ఈసారి దొరికాడు. కాలి ముల్లు అంగుళంపావు ఉంది. కూర మాత్రం కాళ్ళ దగ్గర తోలు నమిలినట్టే, రొమ్ము మాంసం బాగుంది.

బొమ్మ పెట్ట నేను వాడను. ఎర్ర, తెల్ల, నీలం రంగులు ఒంటి మీద ఉండొద్దు, పుంజు తల రంగులవే, ఇంకో వేటగాడు పొరపడతాడు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చో. అరుపు వినపడ్డ వైపు పాక్కుంటూ పోకు, అక్కడ అరిచేది మనిషి కావచ్చు.

తాడ్వాయి బిడ్డ:

కాక చెప్పింది చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. దీమం పిట్టను, అంటే ఎరగా పెట్టే పెంపుడు కౌజును, పంజరంలో పెట్టి చేల గట్ల మీద కౌజులు పట్టేవాడు. దీమం మూడు కూతలు కూయగానే పంజరం మీద తువ్వాల కప్పేసేవాడు. అడవి కౌజు ఎక్కడ పోయిందా అని వెతుక్కుంటూ వచ్చేదట. చిన్నప్పుడు నేను తువ్వాల తీయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

అది 1972 వన్యప్రాణి చట్టానికి ముందు మాట. ఇది చదివి ఎవరూ పాకాల, ఏటూరునాగారం వైపు బయలుదేరకండి. నెమలి షెడ్యూల్ 1లో ఉంది. అడవికోడి మీద చెయ్యేసినా కేసే. ఈ కాలంలో టేకు ఆకు మొత్తం రాలి ఉంటుంది, అడవికోడి గీరే చప్పుడు బండి ఆపితే రోడ్డు మీదికి వినపడుతుంది. పోరడా, విని నేర్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

ములుగు రోడ్డు కాక:

తాడ్వాయి మాట నిజం. అక్కడ కూడా ఊరికే ఇన్ని పక్షులు లేవు తమ్మీ. ఒకప్పుడు అడవులు కొట్టి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడి మిస్సోరిలో టర్కీని దాదాపు లేకుండా చేశారు. వేట ఆపేసి, మిగిలినవాటిని పట్టి వేరే అడవుల్లో వదిలి, మళ్ళీ 1960లో గానీ వసంతకాలం వేటకు అనుమతి ఇవ్వలేదు. నేనున్నప్పుడు సీజన్‌కు ఒకరికి రెండే, మధ్యాహ్నం ఒంటిగంటకు తుపాకి దించాల్సిందే. ఈ ఏటి నియమాలు నువ్వే చదువుకో, మారుతుంటాయి.

నర్సంపేట పోరడు:

కాకా, లైసెన్సు ఉంది, శిక్షణ పోయినేడే అయింది. 70 గజాల దగ్గర ఎందుకు ఆగుతుందో ఇప్పుడు అర్థమైంది. మేం కూర్చున్నది గోడలాంటి అడ్డేమీ లేని గడ్డి మైదానం అంచున. అటువైపు చిన్న దిబ్బ ఒకటుంది, పెద్దాయనకు మెసేజ్ పెట్టాను.

నిన్న సాయంత్రం అక్క వాళ్ళ పెరట్లో మామిడాకులు పోగేసి, గోడ పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేశాను. ఒకటి, ఆగి, రెండు. పక్కింటి కోళ్ళు తల కూడా ఎత్తలేదు. మా బావ మాత్రం పామనుకుని కర్ర పట్టుకుని వచ్చాడు.