ఇంటికి సున్నపురాయి బండలా, గ్రానైటా?

నంద్యాల_కొత్తిల్లు:
మాది నంద్యాల. ఇంటి పని నేల పరిచే దాకా వచ్చింది. ఇల్లంతా బేతంచెర్ల నాపబండలే, అంటే సున్నపురాయి బండలే, వేయాలని నాన్నగారి పట్టు. మా పాత ఇంట్లో అవే ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా పరచకుండా వాటి మీదే పడుకునేవాళ్లం. మేస్త్రీ మాత్రం నాపబండల కాలం పోయింది, మొత్తం గ్రానైట్ వేయిద్దాం అంటున్నాడు. ఒకటి నీటి అడుగున పొరలుగా పేరుకున్న అవక్షేప శిల, ఇంకొకటి శిలాద్రవం చల్లారి ఏర్పడిన అగ్నిశిల అని బడిలో చదువుకున్నాను. పుట్టుకలోని ఆ తేడా ఇంట్లో వాడకానికి ఎంతవరకు పనికొస్తుంది?

గట్టిరాయి:
పూర్తిగా పనికొస్తుంది. గ్రానైట్ భూమి లోతుల్లో చాలా నెమ్మదిగా చల్లారుతుంది. అందువల్ల స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరిగి, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని బిగుసుకుంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కాఠిన్య కొలమానంలో గ్రానైట్‌లోని ఖనిజాలైన క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ 3 మాత్రమే. మన చెప్పులతో ఇంట్లోకి వచ్చే ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే. అంటే రోజూ నడిచే దారిలో నాపబండను ఇసుకే గీస్తూ ఉంటుంది, గ్రానైట్‌కు ఆ బాధ చాలా తక్కువ. ఇక వంటగట్టు మీద చింతపండు పులుసు ఒలికితే సున్నపురాయి మెరుపు పోతుంది. మేస్త్రీ మాట వినండి.

తాండూరు_బిడ్డ:
గట్టిదనం ఒక్కటే రాయి గుణమా? మా తాండూరు వైపు సున్నపురాయి గనుల్లో పనివారు పొర చూసి ఉలి పెట్టి, సుత్తితో కొడతారు. బండ పలకలా లేచి వస్తుంది. పొరలు పొరలుగా పేరుకున్న రాయి గనుకనే ఇది సాధ్యం. గ్రానైట్‌లో అలాంటి పొరలు ఉండవు, అందుకే సన్నని పలకలు కావాలంటే సాధారణంగా రంపాలతో కోయాల్సి వస్తుంది. మా బండ సామాన్యుడి ఇంటికి అందుబాటులో ఉందంటే ఆ పొరల పుణ్యమే. ఇంకో మాట. మా ఇంటి వాకిట్లో నున్నని గ్రానైట్ వేయించాం. మొదటి వానకే అమ్మ జారిపడింది, మణికట్టు విరిగింది. పాలిష్ పట్టని తాండూరు బండ మీద తడికాలు పెట్టినా పట్టు ఉంటుంది. మెత్తని రాయి నిలవదని ఎవరైనా అంటే, అమరావతి శిల్పాలు చూడండి. రెండు వేల ఏళ్ల నాటి సున్నపురాయి అది.

విశ్రాంత_భూగర్భశాస్త్ర_ఉపాధ్యాయుడు:
తాండూరు మిత్రమా, అమ్మగారి సంగతి చదివి బాధ కలిగింది. వాకిలి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అమరావతిని సాక్ష్యంగా తెచ్చారు గనుక మిగతా సగం కూడా చెప్పాలి. ఆ రాయి మెత్తన కావడం వల్లే ఉలి అంత సన్నని పని చేయగలిగింది. అది సున్నపురాయి కావడం వల్లే తరువాతి కాలంలో ఎన్నో పలకలను సున్నం కోసం కాల్చేశారు. గ్రానైట్ శిల్పానికి ఆ గతి పట్టేది కాదు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆమ్లం సంగతిలో గట్టిరాయి గారు చెప్పింది నిజం. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ మీద పులుపు పడితే రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది, బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. నంద్యాల వారికి దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. మీ జిల్లాలోనే ఉన్న బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున అలా ఏర్పడినవే. గాలిలోని, మట్టిలోని ఆ వాయువును కలుపుకుని కాస్త పులిసిన నీరే సున్నపురాయిని తొలిచింది.

ఒక సవరణ కూడా. దుకాణంలో గ్రానైట్ పేరుతో అమ్మేదంతా గ్రానైట్ కాదు. చీమకుర్తి నుంచి వచ్చే, బంగారు చుక్కల నల్ల బ్లాక్ గెలాక్సీ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతి రాయి. అదీ అగ్నిశిలే, కానీ గ్రానైట్‌లా క్వార్ట్జ్ నిండినది కాదు. రంగు చూసి కాదు, పరీక్షించి కొనండి. మీకు నచ్చిన ముక్కల మీద నిమ్మరసం చుక్క వేసి అరగంట ఆగి తుడవండి.

రెండు రాళ్లలో ఒకటి గెలవాలన్న పట్టుదల నాకు అర్థం కాదు. రామప్ప గుడి కట్టినవారు గోడలకు ఇసుకరాయి, అంటే అవక్షేప శిల వాడారు. చెక్కిన స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, డోలరైట్ వంటి అగ్నిశిలలు తెచ్చారు. బరువు మోసేచోట ఏది, కప్పేచోట ఏది అని ఆలోచించారు. మీరూ గదిగదికీ అలాగే ఆలోచించండి. పొరల రాయిని ఎప్పుడూ పొర అడ్డంగా ఉండేలా, గనిలో పడుకున్నట్టే పరచాలి. గోడకు నిలువుగా అంటిస్తే కొన్నేళ్లకు పెచ్చులు లేచే ప్రమాదం ఉంది.

గట్టిరాయి:
వాకిలి వదిలేస్తున్నాను, అక్కడ నాపబండే మేలు. మెట్ల దగ్గర మాత్రం తగ్గను. రోజూ కాలు ఆనే అంచు అరిగేది, పెట్టెలూ బీరువాలూ తగిలి పెచ్చు ఊడేది మెట్టుకే. మెట్టు ముఖాన్ని పాలిష్ లేకుండా గరుకుగా చేయించుకుంటే గ్రానైట్ మీదా జారరు.

నంద్యాల_కొత్తిల్లు:
నిన్న సాయంత్రం నిమ్మరసం పరీక్ష చేశాం. నల్ల ముక్క మీద తుడిచాక ఏమీ కనబడలేదు. బేతంచెర్ల ముక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ, అక్కడ మెరుపు పోయింది. నాన్నగారు ఆ మచ్చను వేలితో రెండు మూడుసార్లు తడిమి చూసి, "గట్టు గ్రానైటే వేయించు" అన్నారు. హాలు, వరండా, వాకిలి బేతంచెర్ల బండలే. మెట్ల మీద ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. గరుకు ముఖం చేయించడానికి చదరపు అడుగుకు అదనంగా ఎంత తీసుకుంటారో తెలిసినవారు చెప్పగలరా?