పాత ఇల్లు అద్దెకిస్తే లెడ్ ఇన్‌స్పెక్షన్: న్యూజెర్సీ ఓనర్లకు ఇది న్యాయమేనా?

ఎడిసన్ మూర్తి:
మాది 1954లో కట్టిన ఇల్లు. పైన మేముంటాం, కింద పోర్షన్ అద్దెకిస్తాం. కిందివాళ్ళు ఖాళీ చేశారు. కొత్తవాళ్ళు దిగేలోపు లెడ్ పెయింట్ (పిల్లలకు హాని చేసే సీసం కలిసిన పాత రంగు) ఇన్‌స్పెక్షన్ చేయించమని టౌన్‌షిప్ లెటర్ పంపింది. 2022 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టమట, 1978కి ముందు కట్టిన అద్దె ఇళ్ళకు. ఇన్‌స్పెక్టర్ ఫీజు కాక యూనిట్‌కు 20 డాలర్లు స్టేట్ ఫండ్‌కి. చేయించకపోతే 30 రోజుల గడువిచ్చి, ఆ తర్వాత వారానికి 1,000 డాలర్ల దాకా ఫైన్. పైన అదే పెయింట్ మధ్య నేను, మా ఆవిడ, మనవరాలు ఉంటున్నాం. మా పోర్షన్‌కి ఏ ఇన్‌స్పెక్షనూ అక్కర్లేదట. ఇదెక్కడి న్యాయం?

కిరణ్_పార్సిప్పనీ:
డబ్బు గుంజడానికే అండీ. ట్యాక్సులు చాలవన్నట్టు.

సుజాత_జెసి:
మూర్తి గారూ, మీ పోర్షన్‌లో పెయింట్ పెచ్చులూడితే మీరే నిర్ణయించుకుని బాగుచేయించుకుంటారు. కిందివాళ్ళు మీరు ఒప్పుకుంటే తప్ప గోడ ముట్టుకోలేరు. తేడా అదే. మా బాబుకు ఏడాది నిండాక చేసిన రక్తపరీక్షలో లెడ్ డెసిలీటరుకు 9 మైక్రోగ్రాములు వచ్చింది, అంత ఉండకూడదు. అప్పుడు మేమూ పాత ఇంట్లో అద్దెకే ఉన్నాం.

ఎడిసన్ మూర్తి:
అమ్మా, బాబు విషయం బాధగానే ఉంది. కానీ అది పెయింటే అని ఎలా అంటారు? మనవాళ్ళు ఇండియా నుంచి తెచ్చుకునే పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని ఎన్నిసార్లు చదివాం! సింధూరం, కాటుక సంగతి సరేసరి. ముందు వంటింట్లో చూసుకోవాలి.

సుజాత_జెసి:
చూశారండీ. హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి నర్సు వచ్చి పసుపు, కారం, కుంకుమ అన్నీ అడిగి తీసుకెళ్ళింది. వాటిలో ఏమీ లేదు. కిటికీ గాడిలో తుడిచిన దుమ్ములో తేలింది. వాడు ఆ కిటికీ పట్టుకునే నిలబడటం నేర్చుకున్నాడు.

ఎడిసన్ మూర్తి:
ఒక్క ప్యాకెట్ పసుపు బాగుంటే అన్ని ప్యాకెట్లూ బాగున్నట్టా?

కిరణ్_పార్సిప్పనీ:
పసుపు పాయింట్ మాత్రం కరెక్టే.

రవి_రెనొవేషన్:
పసుపు పక్కన పెట్టండి. పాత చెక్క కిటికీ పైకీ కిందకీ జరిపిన ప్రతిసారీ రెండు చెక్కలు ఒరుసుకుని పాత పెయింట్ పొడై రాలుతుంది. పైన ఎన్ని కొత్త కోట్లు వేసినా లోపలిది పోదు. ఆ పొడి పిల్లల చేతికంటి నోట్లోకి వెళ్తుంది. మూర్తి గారూ, మీ ఊరికి కంటితో చూసే ఇన్‌స్పెక్షనా, డస్ట్ వైపా (దుమ్ము తుడిచి ల్యాబ్‌లో పరీక్షించేది)? పరీక్ష చేయించుకున్న ఆరేళ్ళలోపు పిల్లల్లో కనీసం 3 శాతం మందికి రక్తంలో లెడ్ డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ ఊళ్ళో డస్ట్ వైప్ తప్పదు.

ఎడిసన్ మూర్తి:
కంటితో చూసేదే. అయినా పోయిన వారాంతం నేనే కిటికీలన్నీ ఉప్పుకాగితంతో శుభ్రంగా రుద్ది రంగేశాను. ఇంకేం చూస్తారు?

రవి_రెనొవేషన్:
అద్దె పోర్షన్‌లో అలా చేయకూడదండీ. 2010 నుంచి ఫెడరల్ రూల్ ఉంది. 1978కి ముందు ఇంట్లో చిన్నాచితకా రిపేరు దాటితే లెడ్ పెయింట్ పనికి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే, ప్లాస్టిక్ పరిచి చేయాలి. సొంతంగా ఉండే పోర్షన్‌కి మినహాయింపు ఉంది, అద్దెకిచ్చేదానికి ఓనరే చేసినా లేదు. దిగేవాళ్ళ సామాను రాకముందే ఆ దుమ్మును తడిగుడ్డతో, హెపా వ్యాక్యూమ్‌తో (సన్నటి పొడిని కూడా పట్టేసేది) తీయించండి. చీపురు మాత్రం వాడకండి.

ఎడిసన్ మూర్తి:
ఇంత టెన్షన్ ఎందుకు, చిన్నపిల్లలున్న ఫ్యామిలీకి ఇవ్వకపోతే సరిపోతుంది. బ్యాచిలర్స్‌కే ఇస్తా.

పద్మజ_హెచ్:
పిల్లలున్నారని ఇవ్వననడం మామూలుగా ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం వివక్షే. ఓనర్ కూడా అక్కడే ఉండే చిన్న ఇళ్ళకు మినహాయింపు ఉన్నా, పిల్లలున్నవాళ్ళకి ఇవ్వమని ప్రకటనలో మాత్రం రాయకూడదు. ఇంకా పెద్ద చిక్కు కొనితెచ్చుకోకండి.

సుజాత_జెసి:
చూశారా, ఇదీ అసలు మాట. కిటికీ బాగుచేయించడం కన్నా పిల్లాడిని రానివ్వకపోవడమే మీకు సులువనిపించింది!

ఎడిసన్ మూర్తి:
అమ్మా, మీరు మాట మీరుతున్నారు. మార్కెట్ కన్నా తక్కువకి, అడ్వాన్స్ కూడా లేకుండా, కొత్తగా వచ్చిన మన తెలుగు కుటుంబాలకే ఇస్తున్నాను. పండగకి కలిసి భోంచేస్తాం. కింద ఏదైనా ఇబ్బందైతే మెట్లెక్కి వచ్చి చెబుతారు. అలాంటి చోటికి గవర్నమెంటు కాగితం పట్టుకొస్తే నేను వాళ్ళని మోసం చేస్తున్నట్టు ఉంటుంది. నా బాధ 20 డాలర్ల గురించి కాదు.

సుజాత_జెసి:
మా ఓనర్ కూడా తెలుగువారే. ఎంతో మంచిగా ఉండేవారు. కిటికీ దగ్గర పెయింట్ రాలుతోందని మా ఆయనతో ఎన్నోసార్లు అన్నాను. "అంత తక్కువకి ఇచ్చారు, ఏం అడుగుతాం" అనేవారు. ఆ మొహమాటంతోనే నోరు మెదపలేదు. రిపోర్టు వచ్చాక ఆయన "మనవాళ్ళయి ఉండి హెల్త్ డిపార్ట్‌మెంట్‌ని ఇంట్లోకి రానిచ్చారా" అన్నారు. అడగలేనివాళ్ళ కోసమే ఈ చట్టం. మీ కిందివాళ్ళు మెట్లెక్కి వచ్చి చెబుతారని మీరనుకుంటున్నారు, వాళ్ళు చెప్పనివి ఎన్ని ఉన్నాయో మీకెలా తెలుస్తుంది?

కిరణ్_పార్సిప్పనీ:
నేను అద్దెకే ఉంటున్నా. హీటర్ సంగతి రెండు చలికాలాలుగా అడగలేదు.

ఎడిసన్ మూర్తి:
నా దగ్గర ఉన్నవాళ్ళు అలాంటివాళ్ళు కాదు. మంచితనాన్ని తప్పుగా చూపిస్తే ఒప్పుకోను. చట్టం కాబట్టి ఇన్‌స్పెక్షన్ చేయిస్తా. రవి గారూ, ఆ హెపా వ్యాక్యూమ్ అద్దెకు దొరుకుతుందా?

రవి_రెనొవేషన్:
దొరుకుతుంది. కానీ మీరు రుద్దేశారు కాబట్టి ముందు డస్ట్ వైప్ అడిగి చేయించుకోండి, కంటితో చూస్తే ఆ దుమ్ము కనపడదు. పై పోర్షన్ కూడా చేయించండి, మనవరాలు ఉందన్నారు కదా. ఇన్‌స్పెక్షన్ పాసైతే ఇచ్చే లెడ్-సేఫ్ సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది. కాపీ కిందివాళ్ళు అడగకపోయినా ఇవ్వాలి.