14 ఎకరాల బీడుని అడవి జీవాలకి వదిలి నడక బాట వేయాలి: ముందు ఏం చేయాలి?

ఎర్రచల్క:
వికారాబాద్ వైపు మా ఉమ్మడి భూమి 14 ఎకరాలు. పైన రాతిగుట్ట, కింద చల్క (ఎర్ర ఇసుకనేల), నడుమ వానాకాలం పారే ఒర్రె. పదేళ్ళుగా సాగు లేదు, లాంటానా కమ్మేసింది. వెంచర్ చేయకుండా అడవిగా వదిలేసి, జనం నడవడానికి రెండు కిలోమీటర్ల బాట వేద్దామని అందరం ఒప్పుకున్నాం. ముందు మొక్కలా, బాటా? జేసీబీ పెట్టించొచ్చా? కాగితాల సంగతి ఏమిటి?

ఒర్రెగట్టు:
రెండూ వద్దు, ముందు ఒక వానాకాలం చూడండి. గట్టి వాన పడ్డ మర్నాడు గుట్ట మీద తిరిగి, నీళ్ళు చారలు కట్టిన చోటల్లా రాళ్ళకి సున్నం పూయండి. బాట ఆ చారల్ని అడ్డంగా దాటాలి గానీ వాటి వెంట పోకూడదు.

జేసీబీ వద్దండి. నడకకి మూడడుగులు చాలు, అది ఏడెనిమిది అడుగులు చెక్కేస్తుంది. వదులైన మట్టంతా వానలకి ఒర్రెలో చేరుతుంది.

వాలు లెక్క: గుట్ట నూరడుగులకి 20 అడుగులు దిగుతుంటే బాట అందులో సగం, అంటే 10కి లోపే దిగాలి. మించితే నీళ్ళు బాటని దాటిపోవు, బాటనే కాలువ చేసుకుంటాయి. వాటర్‌షెడ్ పనుల్లో వాడే ఏ-ఫ్రేము చాలు: మూడు కర్రలు, దారానికి కట్టిన రాయి. దాంతో సమమట్టం పట్టుకుని కొద్దికొద్దిగా దించుకుంటూ పోండి. బాట బయటి అంచు లోపలి అంచు కన్నా అంగుళంన్నర పల్లంగా ఉండాలి. 60, 70 అడుగులకోసారి బాటని పదడుగుల మేర కాస్త ఎక్కించి మళ్ళీ దించండి, ఆ పల్లంలో నీళ్ళు పక్కకి జారిపోతాయి. కొందరు దీనికి బదులు నీళ్ళు మళ్ళించడానికి బాటకి అడ్డంగా దుంగలు పాతుతారు, అది వద్దు. వెనక మట్టి నిండగానే నీళ్ళు దుంగ చివర్లని కోసేస్తాయి, పైగా చెదలు.

నడక పడేకొద్దీ బయటి అంచున మట్టి సన్నటి గట్టులా లేస్తుంది. ఏటా తొలకరికి ముందే పారతో దాన్ని చెక్కేయాలి. ఇది మరిచారా, ఎంత బాగా వేసిన బాటైనా గండి పడుతుంది.

ఒర్రె దాటేచోట పైపులు వేయకండి, మోదుగాకు చేరి మూసుకుపోతాయి. బల్లపరుపు బండలు పరిస్తే చాలు.

నారవేప:
లాంటానాని పైపైన నరికితే మోడు నుంచి గుంపుగా పిలకలు వస్తాయి. నేల మెత్తబడ్డాక, కాయ పట్టకముందే, గడ్డపారతో నేలకి మూడు నాలుగు అంగుళాల కింద తల్లివేరు తెంపి, పొదని తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి. పిట్టలు గింజలు తెస్తూనే ఉంటాయి గనక మూడేళ్ళపాటు ప్రతి వానాకాలం మొలకలు పీకాలి. ఒకేసారి 14 ఎకరాలూ తీస్తే బోడినేల మీద వయ్యారిభామ లేస్తుంది. ఏడాదికి రెండు మూడు ఎకరాలు చాలు.

పొదల కింద మోదుగ, తునికి, బిల్లుడు, రేల పిలకలు ఉంటాయేమో వెతకండి. పక్కన రాయి పెట్టి కాపాడండి. పాత వేరు మీద వచ్చిన పిలక నర్సరీ మొక్కని మించి పోతుంది. నాటేదే అయితే ఒర్రె ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, మేడి. గుట్ట మీద నారవేప గింజ నేరుగా గుంటలో వేయండి, కవర్లో పెంచితే తల్లివేరు చుట్టుకుపోతుంది. మొదటి ఏళ్ళలో పైకి పెరగకపోతే చచ్చిందని పీకకండి, వేరు దించుకుంటూ ఉంటుంది.

గడ్డి ఉన్న చోట చెట్లు నాటొద్దని బతిమాలుతున్నా. అలాంటి బయలు నేలే తీతువు పిట్టకి కావాలి, అది గూడు కట్టదు. గులకరాళ్ళ నడుమ చిన్న గుంటలో, రాయి రంగులోనే మచ్చల గుడ్లు నాలుగు పెడుతుంది. అడుగు పడేదాకా కనపడవు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆ వైపు బాట మూసేయండి.

ఎర్రచల్క:
చాలా ఉపయోగం అండి. చుట్టూ కంచె వేయాలా? పాత దిగుడు బావి కూడా ఒకటి ఉంది.

పట్టాపాసుబుక్కు:
ముళ్ళతీగ వద్దు, జీవాలు చిక్కుకుంటాయి. పశువులు వచ్చే వైపు గచ్చకాయ, కలివి పొదలతో జీవకంచె పెట్టి, ఒర్రె వైపు వదిలేయండి. బావికి చుట్టుగోడ తప్పనిసరి. జీవాలు తాగడానికి వేరే కుంట తవ్వండి, ఒక ఒడ్డు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే దిగిన పిల్లజీవం పైకి రాలేదు.

కాగితాలు: పార్కింగు, గదులు కట్టే ముక్కకి నాలా మార్పిడి (సాగుభూమిని సాగేతర భూమిగా మార్చడం) చేయించండి, మిగతాది సాగుభూమిగానే ఉండనివ్వండి. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడ్డొస్తుంది, ముందే అనుమతి తీసుకోండి. 1972 వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో ప్రైవేటు భూమిని కూడా యజమాని ఇష్టంతో కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఒక కమిటీ చూసుకునే రక్షిత ప్రాంతంగా, ప్రకటించే వీలుంది. కానీ ప్రకటించాక ఆ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చలేరు. అన్నదమ్ములందరూ సంతకం పెట్టేముందు ఇది చదవాలి. ప్రకటన లేకుండా కూడా అడవి నిలుస్తుంది: సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు పిత్రార్జితం 70 ఎకరాలని అలాగే అడవి చేశారు.

ఎటూ రేపు పంపకాలొస్తాయి. పంపక పత్రంలోనే బాట పొడవునా దారి హక్కు రాయించండి, లేకపోతే ఎవరి వాటా వాళ్ళు గెట్టు వేస్తే బాట ముక్కలవుతుంది.

చివరిగా నిప్పు. ఇప్పపువ్వు ఏరడానికి కింద ఆకులు కాలుస్తారు, అది గుట్టెక్కుతుంది. డిసెంబరు, జనవరిలోనే సరిహద్దు వెంట పదడుగుల పట్టీ గీకి శుభ్రం చేయండి. బాట పక్కన రెండడుగుల గడ్డి కూడా కోయండి, రక్తపింజర పడుకుంటే కనపడాలి.