వ్యాన్‌లో వంటగ్యాస్: వంగితే వాసన, నిలబడితే లేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా పాత టెంపో ట్రావెలర్‌ను నిరుడు ఒక మేస్త్రీ చేత కాపురానికి పనికొచ్చే వాహనంగా మార్పించుకున్నాము. వెనుక రెండు పడకలు, ఎడమ పక్కన చిన్న వంటగట్టు, ఆ గట్టు కింద చెక్క అలమారలో 14.2 కిలోల గ్యాస్ బండ ఉంటాయి. సంక్రాంతి సెలవులకు మా అత్తగారినీ పిల్లలనూ తీసుకుని పాలకొండ, పార్వతీపురం, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి దేవమాలి చూసి రావాలని బయలుదేరాము.

పొట్టంగి దగ్గర టీ కాచుకుందామని ఆగినప్పుడు, జారిపడిన బెల్లం పొట్లాన్ని తీయడానికి కిందికి వంగిన మా అత్తగారు “గ్యాస్ కంపు కొడుతోంది బాబూ” అన్నారు. నేనూ నా భార్యా నిలబడి ఎంత పీల్చినా ఏమీ తెలియలేదు. ఆవిడకు అనుమానం ఎక్కువని నవ్వి ఊరుకోబోయాను గానీ, ఎందుకైనా మంచిదని మోకాళ్ల మీద కూర్చుని అలమార తలుపు సందు దగ్గర ముక్కు పెట్టేసరికి గుప్పుమని కొట్టింది. వెంటనే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ తెరిచి, అందరం దిగిపోయి అరగంట సేపు రోడ్డు పక్కన నిలబడ్డాము. ఆ తర్వాత ప్రయాణమంతా హోటల్ భోజనాలతోనే గడిచింది.

విచిత్రమేమిటంటే, ఇంటికి వచ్చాక అదే రెగ్యులేటర్ తిప్పి గంట సేపు కనిపెట్టి చూసినా వాసన లేదు. లీకే లేదనుకోవచ్చునా? రెండో సంగతి, ఇంటి బండనే ఇలా వెంట తీసుకుపోవచ్చునా? మూడోది, కోరాపుట్ చలికి రాత్రి కాసేపు పొయ్యి వెలిగించి ఉంచితే వెచ్చగా ఉంటుందని అత్తగారు అంటున్నారు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (జయపురం నుంచి)

మేమూ ఇలాంటి వాహనంలోనే గుప్తేశ్వరానికీ, దుడుమ జలపాతానికీ వెళ్లి వస్తుంటాము. మీ బండ అయిపోవచ్చి ఉండవచ్చు. వాసన కోసం గ్యాస్‌లో కలిపే మెర్కాప్టాన్ అడుగున మిగిలిన గ్యాస్‌లో చిక్కబడుతుంది కనుక, చివరి రోజుల్లో కంపు ఎక్కువగా రావడం మామూలే. ఇంటి దగ్గర వాసన రాలేదంటున్నారు కాబట్టి మరీ కంగారు పడనక్కరలేదని నా అభిప్రాయం.

ఇంటి కనెక్షన్ బండ గురించి మాత్రం ఒక మాట. ఆ బండను కనెక్షన్ ఉన్న చిరునామాలో వంటకే ఇస్తారు, ప్రయాణాలకు కాదు. ఇండియన్ ఆయిల్ వారి ఛోటూ లాంటి 5 కిలోల బండను గుర్తింపు కార్డు చూపి, చిరునామా రుజువు లేకుండానే కొనుక్కోవచ్చు. నలుగురికి టీ, అన్నం, చారు కాచుకోవడానికి అది చాలు, పైగా అలమారలో కదలకుండా కట్టడం కూడా సులువు.

జవాబు 2 (రాయగడ నుంచి, గ్యాస్ పొయ్యిల మెకానిక్)

జయపురం వారితో నేను ఏకీభవించలేను. అయిపోవచ్చిన బండలో వాసన చిక్కబడే మాట నిజమే, అయితే చిక్కని వాసన అయినా లోపలి గ్యాస్ బయటికి వస్తేనే గదా ముక్కుకు తగిలేది! వాసన వచ్చిందంటే లీకు ఉన్నట్టే.

మీ అత్తగారి ముక్కు చెప్పింది అక్షరాలా సరైనది. మన వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలి కంటే ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు గనుక, లీకైన గ్యాస్ నీళ్లలాగా నేల వెంబడి పాకి, మూసి ఉన్న అలమార అడుగున మడుగు కడుతుంది. నిలబడిన మీ ముక్కు దాకా అది రాలేదు, అంతే. గాలిలో నూటికి రెండు పాళ్ల గ్యాస్ కలిస్తే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. మీ వాహనం లోపలి జాగా పది ఘనపు మీటర్లనుకుంటే, ఆ రెండు పాళ్లకు అర కిలో గ్యాస్ కూడా అక్కరలేదు. మీ బండలో అది ముప్పయ్యో వంతు. అదంతా కిందనే చేరుతుంది కాబట్టి ఆ మాత్రం కూడా లేకుండానే అలమార వరకు ప్రమాదకరమైన మోతాదు చేరిపోతుంది.

ఇక ఇంటి దగ్గర వాసన రాకపోవడానికి కారణం నాకు తోచినంతవరకు ఇది. ఇంట్లో గ్యాస్ పైపు ఏళ్ల తరబడి ఒకే చోట కదలకుండా పడి ఉంటుంది, మీ వాహనంలో మాత్రం ఘాట్ మలుపు మలుపుకీ అది ఊగుతుంది, రాసుకుంటుంది, మెలిపడుతుంది. చిన్న గాటు పైపు వంగినప్పుడు నోరు తెరిచి, నిటారుగా ఉన్నప్పుడు మూసుకుపోతుంది. నిలిపి ఉంచిన వాహనంలో గంట కాదు, పూటంతా కూర్చున్నా అది దొరకదు.

అందుచేత ఇలా చేయండి. వాహనాన్ని ఆరుబయట నిలిపి, తలుపులు తెరిచి, పొయ్యి నాబులు కట్టేసి, రెగ్యులేటర్ మాత్రం తిప్పండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో పాత రంగుల కుంచె ముంచి, బండ నోటి దగ్గర రెగ్యులేటర్ కూర్చునే చోట, పైపు రెండు కొసల క్లిప్పుల దగ్గర, పైపు పొడవునా రాస్తూ, రెండో చేత్తో పైపును నెమ్మదిగా వంచండి. అగ్గిపుల్ల గీసి చూసే మొండి ధైర్యం ఇంకా కొందరిలో ఉంది, ఆ పని మాత్రం ఎన్నడూ చేయవద్దు. బండ నోటిలోని రబ్బరు వాషరు చిట్లినా లీకవుతుంది. అప్పుడు రెగ్యులేటర్ తీసేసి, బండకు తాడుతో వేలాడే ప్లాస్టిక్ మూతను ‘టక్’ మనేలా నొక్కితే గ్యాస్ ఆగుతుంది. ఆ మూతను పిల్లల ఆటవస్తువు కానివ్వకండి.

ఒక పొరపాటు మాత్రం మీదే. పొయ్యి నాబు కట్టేసి, రెగ్యులేటర్ తెరిచే ఘాట్ ఎక్కారు. నాబు కట్టేస్తే పైపు నిండా గ్యాస్ ఉంటుంది, బండ దగ్గర కట్టేస్తేనే అక్కడికక్కడ ఆగుతుంది. వాహనం కదిలే ముందు, పెట్రోలు బంకులోకి తిరిగే ముందు, రాత్రి పడుకునే ముందు బండ దగ్గరే కట్టేయాలి. బండ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. చలికి గ్యాస్ సరిగా రావడం లేదనో, అడుగున మిగిలిందనో పడుకోబెట్టారంటే ద్రవమే పైపులోకి దిగుతుంది. ఒక పాలు ద్రవం సుమారు 250 పాళ్ల గ్యాస్ అవుతుంది కాబట్టి పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా లేస్తుంది.

ఘాట్‌లో మళ్లీ వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దు, ఫ్యాను వేయవద్దు, ఉన్నది ఆపవద్దు కూడా, ఇంజను స్టార్ట్ చేయవద్దు. రెగ్యులేటర్ అందితే కట్టేసి, తలుపులు తెరిచి, అందరినీ వాహనానికి ఎగువ వైపు నడిపించండి, ఎందుకంటే గ్యాస్ పల్లానికి దిగుతుంది. దూరం వెళ్లాకే ఫోను తీసి 1906కు చేయండి. అది దేశమంతటా వంటగ్యాస్ లీకులకు ఉన్న అత్యవసర నంబరు.

జవాబు 3 (బరంపురం నుంచి, నర్సు)

మెకానిక్ గారు మూడో ప్రశ్నను వదిలేశారు గనుక నేను చెబుతాను. అమ్మగారికి నా మాటగా చెప్పండి: వాహనం అద్దాలు మూసుకుని పొయ్యినో కుంపటినో వెచ్చదనానికి పెట్టుకోవడం లీకుతో సమానమైన ప్రమాదమే. గాలి చాలక సరిగా మండని మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగూ రుచీ లేవు, మెర్కాప్టాన్ లాగా హెచ్చరించే వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిప్పడం, వాంతి వచ్చేలా ఉండడం. ప్రయాణ బడలిక అనుకుని మరో దుప్పటి కప్పుకుని పడుకున్నవారు తిరిగి లేవకపోవచ్చు. చలికి రగ్గులు, స్వెట్టర్లు, వేడినీళ్ల రబ్బరు సంచి చాలు.

బజారులో ఏది దొరికితే అది కాకుండా రెండు వేర్వేరు అలారాలు పెట్టించుకోండి. గ్యాస్ అలారం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో ఉండాలి. మొదటిదాన్ని చక్కగా కనిపిస్తుందని కప్పుకు బిగించినవారిని నేను చూశాను. అక్కడ అది అలంకారమే!

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం సబ్బు నురగతో చూశాను. క్లిప్పుల దగ్గర ఏమీ లేదు. అలమారకూ వంటగట్టుకూ మధ్య ఉన్న రేకుకు మేస్త్రీ రంధ్రం కోసి అందులోంచి నారింజ రంగు పైపును లాగాడు, ఆ రంధ్రం అంచు కొడవలిలాగా ఉంది. అక్కడ పైపును ఎడమకు వంచగానే ఆవగింజంత బుడగ ఒకటి లేచి, పెద్దదై, పగిలింది. వదిలేస్తే ఏమీ లేదు, వంచితే మళ్లీ బుడగ. మా అత్తగారు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని అంతా చూశారు. కుంపటి మాట ఇక ఎత్తలేదు.

పైపు తీసి పారేశాను. 5 కిలోల బండకు మారుతున్నాను. అలమారకు గాలి సందు పై వైపు పెట్టించాలా, కింద పెట్టించాలా?

జవాబు 4 (రాయగడ మెకానిక్)

పై సందు ఒక్కటే ఉంటే లాభం లేదు. అలమార అడుగున, వాహనం నేల గుండా బయటికి రంధ్రం పెట్టించి, కింద వైపు ఎలుకలూ చెత్తా రాకుండా జాలీ బిగించండి. ఆ రంధ్రం సైలెన్సర్‌కు దగ్గరగా రాకుండా చూసుకోండి. అలమార లోపలి నుంచి గదిలోకి వెళ్లే సందులన్నీ మూసి, తలుపు అంచుకు రబ్బరు పట్టీ వేయించండి. అలమారలో బల్బు, స్విచ్, ఇన్వర్టర్ వైరు ఏదీ ఉండకూడదు. వాహనాన్ని ఇలా మార్చినందుకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కార్యాలయం అనుమతి కూడా ఉండాలి, లేకపోతే ముందు అది చూసుకోండి.

కొత్త పైపు ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్షా పైపే తీసుకోండి, దాని మీద అచ్చు వేసిన సంవత్సరం చూడండి, అయిదేళ్లకు మార్చేయాలి. రేకు రంధ్రంలో రబ్బరు బుష్ వేసి దాని గుండా లాగండి. అంతా బిగించాక మొదటి ఘాట్ ప్రయాణం ముగిసిన చోటే ఆగి, మరోసారి నురగ రాసి చూడండి. కొత్త క్లిప్పులు ఆ ఊపుకు కాస్త వదులవుతుంటాయి.