అప్‌డేట్: ర్యాంప్ ఉంది, పాలసీ ఉంది, బాధ్యత ఎవరిది?

పోయిన నెల నేను అడిగింది ఇదీ: నల్లగొండలో మా సంస్థలో 60 మందిమి పనిచేస్తాం. దివ్యాంగుల కోసం పాలసీ కాగితం ఉంది, ర్యాంప్ ఉంది. అయినా వీల్‌చైర్‌లో వచ్చే మా అకౌంటెంట్ అన్నకు రోజూ ఇబ్బందే. ఎక్కడ మొదలుపెట్టాలి?

"ముందు ఎవరి బాధ్యతో చూడండి" అన్న మీ సలహా పట్టుకున్నాను. పాలసీ తీసి చదివితే అంతటా "సంస్థ చూసుకుంటుంది" అనే ఉంది. ఫలానా వాళ్లు చూడాలని ఎక్కడా లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట లైజన్ అధికారిని, అంటే దివ్యాంగ ఉద్యోగుల సౌకర్యాలు చూసుకునే మనిషిని కూడా నియమించాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఇదే మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను.

తర్వాత టేపు తీసుకుని అన్నతో కలిసి గుమ్మం దగ్గరికి వెళ్లాను. మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంప్ పొడవు 2 మీటర్లే. ఒక సెంటీమీటరు ఎత్తుకు పన్నెండు సెంటీమీటర్ల పొడవు లెక్కన 5.4 మీటర్లు కావాలి. పైగా దానికి అడ్డంగా రెండు బైకులు. దివ్యాంగుల టాయిలెట్‌కు తాళం, లోపల పాత ఫైళ్ల కట్టలు. చూసి చాలా బాధేసింది. ఎవరిని అడగాలో తెలియక అన్న ఇన్నేళ్లూ నోరు విప్పలేదట.

ఇప్పుడు అడ్మిన్ మేడం లైజన్ అధికారి. చిన్న ఖర్చులు మంజూరు చేసే అధికారం కూడా ఆమెకే ఇప్పించాం, అది లేకపోతే పదవి ఉత్తదే. మూడు నెలలకోసారి సమీక్ష, కమిటీలో అన్న కూడా ఉంటారు. టాయిలెట్ ఖాళీ చేయించాం. ర్యాంప్ పని దసరా తర్వాత మొదలవుతుంది.