ఇంట్లో తీసిన త్రీడీ ఫొటోలు టీవీలో ఎలా చూడాలి?

నమస్కారం అండీ. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం ఫోన్‌తో కొన్ని త్రీడీ ఫొటోలు తీశాను. ఒకటి తీసి, ఫోన్‌ను ఆరున్నర సెంటీమీటర్లు కుడికి జరిపి రెండోది. మధ్యలో ఆకు కదిలినా పాడైపోతుంది. బాగా కుదిరినది ఒక్కటే. తాతయ్య గిత్త పగ్గం పట్టుకుని కొట్టం ముందు నిలబడ్డారు, గిత్త కూడా ఎందుకో కదల్లేదు. మూపురం ముందుకు, తాతయ్య తలపాగా దాని వెనక్కి, విడివిడిగా కనిపిస్తాయి. ఆయన ఇప్పుడు లేరు. నానమ్మకు ఆ ఫొటో చూపించాలని నా ఆశ.

ఎరుపు, నీలం కళ్లజోడుతో చూపిస్తే తాతయ్య ఎర్ర తువ్వాలు రంగు చెడి, కళ్లు లాగేస్తున్నాయంది. అందుకే పాత త్రీడీ టీవీ కొన్నాను. కొత్తవి దొరకవు, 2017 నాటికే పెద్ద కంపెనీలు మానేశాయి. బ్యాటరీ అక్కర్లేని పోలరైజ్డ్ కళ్లజోడు దానిది.

పెన్‌డ్రైవ్‌లో పెడితే ఫొటోలకు త్రీడీ బటన్ పనిచేయడం లేదు. రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పంపితే పనిచేస్తోంది, కానీ మనిషి అడ్డంగా సాగిపోతున్నాడు. ఒక్కో సగాన్ని 960 పిక్సెళ్లకు కుదించి 1920×1080లో పెట్టాలా? ఎంపీఓ ఫైలుగా (రెండు ఫొటోలూ ఒకే ఫైలులో ఉండేది) మారిస్తే పెన్‌డ్రైవ్ నుంచే వస్తుందా, లేక పది సెకన్ల వీడియో చేయడం మేలా? రెండు ఫొటోల ఎత్తులో కొంచెం తేడా ఉంది, అదెలా సరిచేయాలి?

సంక్రాంతికి అందరూ వస్తారు. ఆలోపు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.