తమ్ముడి బైపోలార్ వ్యాధి: జన్యువులకూ మెదడు రసాయనాలకూ సంబంధం ఏమిటి?

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్లు. రెండేళ్ల కిందట మూడు వారాలపాటు కంటిమీద కునుకు లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, దాచుకున్న డబ్బంతా ఖర్చుచేసి, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేనంత దిగులులో మునిగిపోయాడు. బైపోలార్ వ్యాధి అని నిర్ధారించిన డాక్టరు గారు లిథియం మొదలుపెట్టారు; ఇప్పుడు కుదుటపడ్డాడు. మా మేనమామకు కూడా వయసులో ఉన్నప్పుడు ఇలాగే ఉండేదని అమ్మ ఈ మధ్యే బయటపెట్టింది. మెదడులో రసాయనాలు తప్పాయని కొందరు, మీ వంశంలోనే ఉందని మరికొందరు అంటున్నారు. ఈ రెండు మాటలకూ పొంతన ఎక్కడ? నాకు సంబంధాలు చూస్తున్నారు. జన్యు పరీక్ష చేయించుకుంటే రేపు నా పిల్లలకు వస్తుందో రాదో తెలుస్తుందా?

సమాధానం (హబ్సిగూడ నుంచి, జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడిని)

అమ్మా, మీరు విన్న రెండు మాటలూ ఒకే తాడుకు రెండు కొసలు. 2021లో 41,917 మంది బైపోలార్ రోగుల డీఎన్‌ఏను, ఆ వ్యాధి లేని 3,71,549 మంది డీఎన్‌ఏతో పోల్చిన అంతర్జాతీయ అధ్యయనం, వ్యాధితో ముడిపడిన 64 స్థానాలను గుర్తించింది. ఒక్కొక్క స్థానం ప్రభావం చాలా స్వల్పం.

వాటిలో సీఏసీఎన్‌ఏ1సీ అనే జన్యువును చూడండి. నాడీకణంలోకి కాల్షియంను రానిచ్చే ద్వారం దీని ఆధారంగానే తయారవుతుంది. లోపలికి వచ్చిన కాల్షియంను బట్టే ఆ కణం ఎంత ఉత్తేజితం కావాలో, పక్క కణంతో బంధం బలపడాలో సడలాలో, ఏ జన్యువులు పనిలోకి దిగాలో నిర్ణయమవుతుంది. రోగుల్లో కాస్త ఎక్కువగా కనిపించే మార్పు ద్వారం ఆకారాన్ని మార్చేది కాదు. ఆ ప్రొటీన్ ఎంత మేరకు తయారవుతుందన్న దానిపై ప్రభావం చూపుతుందని భావిస్తున్నారు. ఏఎన్‌కే3 అనే మరో జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్, నాడీతంతువు మొదట్లో సోడియం ద్వారాలను గుంజకు కట్టినట్టు పట్టి ఉంచుతుంది. సంకేతం పుట్టేది అక్కడే.

మీరు విన్న మెదడు రసాయనాలు, అంటే నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్, సెరటోనిన్‌ల మాట అబద్ధం కాదు గానీ, అది కథలో సగమే. డోపమిన్‌ను విచ్ఛిన్నం చేసే సీఓఎంటీ అనే ఎంజైమ్ జన్యువుపై ఎన్నో ఏళ్లు ఆశలు పెట్టుకున్నారు. పెద్ద అధ్యయనాల్లో ఆ ఆశ నిలవలేదు.

మీ తమ్ముడి మందు విషయం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. డీఎన్‌ఏ నిర్మాణం ఇంకా తెలియని 1949లోనే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉన్మాద స్థితిని తగ్గించే లిథియం గుణాన్ని ప్రకటించారు. అది జీఎస్‌కే-3 అనే ఎంజైమ్‌ను అణచుతుందని తర్వాత తేలింది. వ్యాధి ముప్పును గణనీయంగా పెంచే అరుదైన మార్పులు ఏకేఏపీ11 అనే జన్యువులో ఉన్నట్టు 2022లో ప్రచురితమైంది; ఆ జన్యువు ప్రొటీన్ జతకట్టేది కూడా ఈ ఎంజైమ్‌తోనే.

సమాధానం (సికింద్రాబాద్ నుంచి, మానసిక వైద్యురాలిని)

పరీక్ష గురించి నేను చెబుతాను. మీకు గానీ మీ పిల్లలకు గానీ ఈ వ్యాధి వస్తుందో రాదో చెప్పగల జన్యు పరీక్ష నేడు లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. కవలల అధ్యయనాల్లో కనిపించే 60 నుంచి 85 శాతం అనే అంకెను చూసి చాలామంది బెదిరిపోతారు. అది జనాభాలో ఈ వ్యాధి విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వారసత్వం పాలు ఎంతో చెప్పే అంకె, ఒక వ్యక్తికి వచ్చే అవకాశం కాదు. రోగి తోబుట్టువుల్లో, పిల్లల్లో సుమారు నూటికి 5 నుంచి 10 మందికే వస్తుంది. మీ పిల్లలు అతనికి మేనల్లుళ్లో మేనకోడళ్లో అవుతారు కాబట్టి ముప్పు ఇంకా తక్కువ.

జన్యు పరీక్ష అక్కరకు వచ్చే సందర్భం ఒకటుంది. ఈ వ్యాధికి వాడే మరో మందు కార్బమజెపిన్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యు రూపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే, చర్మాన్ని ఊడదీసే ప్రాణాంతక ప్రతిచర్య ముప్పును ముందుగా పసిగట్టి ఆ మందును మానవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేనమామ సంగతి మేము ఇంతవరకు డాక్టరు గారికి చెప్పనే లేదు. చెప్పడం అవసరమా?

సమాధానం (సికింద్రాబాద్ నుంచి)

తప్పకుండా చెప్పండి. లిథియంకు బాగా స్పందించే గుణం కొన్ని కుటుంబాల్లో తరాలవెంట కనిపిస్తుంది. ఆయన ఏ మందు వాడారో, దేనితో తేరుకున్నారో మీ అమ్మగారిని అడిగి, పాత చీటీలు ఉంటే అవి కూడా పట్టుకెళ్లండి.